చేత్తో పెట్టిన సర్వర్లను టెర్రాఫామ్, యాన్సిబుల్ కిందికి తేవడం ఎట్లా? సైట్ ఆగకూడదు

ప్రశ్న: అలిపిరి_డెవ్ (తిరుపతి)

తిరుపతిలో లాడ్జీలకు గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతా ఉన్నాం. అంతా ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్‌లో ఉంది. రెండు ఈసీ2 సర్వర్లు (టీ3 మీడియం, ఉబుంటు 22.04), ముందర ఒక అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్, వెనకాల ఆర్‌డీఎస్‌లో పోస్ట్‌గ్రెస్, ఫొటోలకు ఒక ఎస్‌3 బకెట్. అప్లికేషన్ జాంగో, గూనికార్న్, ఎంజినెక్స్ మీద నడుస్తుంది. ఇవన్నీ కన్సోల్‌లో చేత్తో పెట్టినవే. కొత్త వెర్షన్ పెట్టాలంటే ఒక్కో సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ చేసి, గిట్ పుల్ కొట్టి, మైగ్రేషన్ (డేటాబేస్ టేబుళ్ల మార్పులు) నడిపి, సర్వీస్ రీస్టార్ట్ చేస్తాం.

బ్రహ్మోత్సవాలకు ఇంకో రెండు సర్వర్లు కలిపి, తర్వాత తీసేయాలి. దర్శనం టికెట్ల కోటా విడుదలయ్యే రోజు కూడా గదుల కోసం ఒక్కసారిగా జనం వచ్చి పడతారు. అడగాలనుకున్నవి ఇవీ:

ఇప్పుడున్నవాటిని కొట్టేసి మళ్లీ కట్టకుండా టెర్రాఫామ్ (ఏ సర్వర్లు, ఏ నెట్‌వర్క్ ఉండాలో కోడ్‌లో రాస్తే వాటిని పెట్టే టూల్) కిందికి తేవచ్చా? టెర్రాఫామ్ ఉంటే యాన్సిబుల్ (సర్వర్ల లోపలి పనులు చేసే టూల్) కూడా కావాలా? టెర్రాఫామా, దాని నుంచి చీలిన ఓపెన్‌టోఫునా? కుబర్నెటీస్‌కు (కంటైనర్లను చాలా సర్వర్ల మీద నడిపే వ్యవస్థ) పొమ్మని కొందరంటున్నారు, మా సైజుకు అది అవసరమా? ఇంకొకటి, టీంలో ముగ్గురం. ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ మధ్యమధ్యలో తెగుతుంది. అప్లై (కోడ్‌లోని మార్పులను నిజంగా అమలు చేసే కమాండ్) నడుస్తుండగా లైను పోతే ఏమవుతుంది?

జవాబు 1: చంద్రగిరి_ఆప్స్

కొట్టేయనక్కర్లేదు. ఇంపోర్ట్ చేసుకోవచ్చు, అంటే ఉన్నవాటిని ఉన్నట్టే టెర్రాఫామ్ లెక్కలోకి చేర్చుకోవచ్చు. అయితే అంతకంటే ముందు స్టేట్ ఫైల్ ఎక్కడ ఉంటుందో తేల్చుకోండి. టెర్రాఫామ్‌కు మీ సర్వర్లు తెలిసేది ఆ ఫైల్ వల్లే. అది ఒకరి ల్యాప్‌టాప్‌లో ఉందంటే మిగతా ఇద్దరి దగ్గర టెర్రాఫామ్ లేనట్టే.

స్టేట్ కోసం వేరే ఎస్‌3 బకెట్ ఒకటి పెట్టండి, ఫొటోల బకెట్ వాడొద్దు. వెర్షనింగ్ ఆన్ చేయండి, పబ్లిక్ యాక్సెస్ మొత్తం మూసేయండి. ఇద్దరు ఒకేసారి అప్లై కొట్టకుండా లాక్ కావాలి. పాత వ్యాసాల్లో దీనికి డైనమోడీబీ టేబుల్ పెట్టమని ఉంటుంది. టెర్రాఫామ్ 1.10లో ఎస్‌3లోనే లాక్ ఫైల్ పెట్టే సౌకర్యం వచ్చింది, 1.11లో స్థిరపడింది. కాబట్టి ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆ టేబుల్ అక్కర్లేదు. ఒక్కటి గుర్తు పెట్టుకోండి: స్టేట్ ఫైల్ పేరు చివర టీఎఫ్‌లాక్ అని తగిలించిన ఫైల్ తయారవుతుంది. ఐఏఎమ్ (ఏడబ్ల్యూఎస్‌లో అనుమతులు చూసే సర్వీస్) పాలసీలో దాన్ని రాయడానికీ తుడవడానికీ రెండింటికీ అనుమతి ఇవ్వాలి. తుడిచే అనుమతి మరిచిపోతే మొదటి ప్లాన్ (ఏమేం మారతాయో ముందే చూపే కమాండ్) నడుస్తుంది, రెండోది లాక్ ఉందని ఆగిపోతుంది. దాంతో ఎవరో లాక్ పట్టుకున్నారని వెతుకుతూ కూర్చుంటారు.

ఇంపోర్ట్ విషయానికొస్తే, 1.5 నుంచి (2023 జూన్) ఇంపోర్ట్ బ్లాకులు వచ్చాయి. వనరు పేరు, దాని ఐడీ రాసి, ప్లాన్‌కు జనరేట్ కాన్ఫిగ్ ఔట్ ఆప్షన్ ఇస్తే కోడ్ అదే రాసిపెడుతుంది. ఈసీ2కి ఇన్‌స్టాన్స్ ఐడీ, ఆర్‌డీఎస్‌కు డేటాబేస్ ఐడెంటిఫయర్, లోడ్ బ్యాలెన్సర్‌కూ టార్గెట్ గ్రూపుకూ (అది ట్రాఫిక్ పంపే సర్వర్ల జాబితా) లిజనర్‌కూ పూర్తి ఏఆర్‌ఎన్ (ఏడబ్ల్యూఎస్‌లో వనరు పూర్తి పేరు) ఇవ్వాలి. వీపీసీ (ఏడబ్ల్యూఎస్‌లో మీ సొంత నెట్‌వర్క్), సబ్‌నెట్లు, సెక్యూరిటీ గ్రూపులు ముందు, తర్వాత సర్వర్లు, లోడ్ బ్యాలెన్సర్, అన్నిటికంటే చివర ఆర్‌డీఎస్. ఒకేసారి అన్నీ పెట్టుకోకండి. నాలుగైదు వనరులు తెచ్చి, ప్లాన్ శుభ్రంగా వచ్చాక తర్వాతవాటికి వెళ్లండి.

అది రాసిచ్చిన కోడ్‌ను ఉన్నదున్నట్టు వాడలేం. ఉన్న ప్రతి గుణాన్నీ కుమ్మరిస్తుంది. ఒకటుంటే ఇంకొకటి ఉండకూడని జంటలు కూడా రెండూ వస్తాయి (ఈసీ2లో ఐపీవీ6 అడ్రసుల లెక్క, ఐపీవీ6 అడ్రసుల జాబితా ఇట్లాంటి జంటే). ఎర్రర్ ఏ లైను చూపిస్తే దాన్ని కత్తిరించుకుంటూ పోవాలి. నిజమైన పని ఇదే, ఓపిగ్గా కూర్చోవాలి.

ఆర్‌డీఎస్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. ఇంపోర్ట్‌లో పాస్‌వర్డ్ రాదు. కోడ్‌లో రాస్తే మార్పుగా చూపిస్తుంది, పైగా స్టేట్ ఫైల్‌లో మామూలు అక్షరాల్లో పడి ఉంటుంది. కాబట్టి పాస్‌వర్డ్ రాయకుండా, లైఫ్‌సైకిల్‌లో ఇగ్నోర్ చేంజెస్ (ఇందులో తేడా ఉన్నా పట్టించుకోవద్దని) కింద పెట్టండి. పాస్‌వర్డ్‌ను ఆర్‌డీఎస్సే సీక్రెట్స్ మేనేజర్‌లో చూసుకునే ఆప్షన్ మంచిదే, కానీ అది ఆన్ చేసిన క్షణంలో పాస్‌వర్డ్ మారిపోతుంది, ఆ తర్వాత కూడా మామూలుగా 7 రోజులకోసారి మారుతుంది. అప్లికేషన్ అక్కడి నుంచి చదివేలా రాసుకున్నాకే దాని జోలికి వెళ్లండి.

వనరును కొట్టేయకుండా ఆపే ప్రివెంట్ డిస్ట్రాయ్ పెడితే సరిపోతుందని అందరూ అనుకుంటారు. కోడ్‌లోంచి ఆ బ్లాకే ఎవరైనా తీసేస్తే దాంతోపాటు ఆ రక్షణ కూడా పోతుంది, డేటాబేస్‌ను తీసేయడానికి టెర్రాఫామ్ సిద్ధమవుతుంది. అందుకని ఏడబ్ల్యూఎస్ వైపు ఉండే డిలీషన్ ప్రొటెక్షన్ కూడా తప్పకుండా ఆన్‌లో ఉండాలి.

ఇక ఏఎమ్‌ఐ, అంటే సర్వర్ లేచే ఇమేజ్. కొత్త ఉబుంటు ఇమేజ్‌ను తనే వెతికి తెచ్చుకునేలా రాయొద్దు. ఐడీ నేరుగా రాసేయండి. లేకపోతే ఉబుంటు వాళ్లు కొత్త ఇమేజ్ విడుదల చేసిన రోజు, మీరు ఏమీ మార్చకపోయినా, మీ సర్వర్లన్నీ కొట్టేసి కొత్తవి పెడతానని ప్లాన్ చెప్తుంది. ఏఎమ్‌ఐ మారితే సర్వర్‌ను మార్చడం కాదు, కొత్తది పెట్టడమే.

ప్లాన్ చదివేటప్పుడు చివర్లో వచ్చే కూడికలు, తీసివేతల లెక్క ఒక్కటే చూసి సరే అనొద్దు. మైనస్, ప్లస్ గుర్తులు పక్కపక్కన ఉన్న లైను ఎక్కడైనా ఉందా అని వెతకండి. ఉంటే, ఏ గుణం వల్ల అట్లా వచ్చిందో దాని పక్కనే రాసి ఉంటుంది.

జవాబు 2: పలమనేరు_లినక్స్

యాన్సిబుల్ కావాలి. సర్వర్ ఉండాలా వద్దా అనేది టెర్రాఫామ్ పని. సర్వర్ లోపల ఏముండాలి అనేది యాన్సిబుల్ పని. టెర్రాఫామ్‌లోని ప్రొవిజనర్లతో లోపలి పని కూడా చేయించొచ్చు గానీ, వాళ్ల డాక్యుమెంటేషనే అది చివరి మార్గమని చెప్తుంది. యూజర్ డేటాలో (సర్వర్ మొదటిసారి లేచినప్పుడు నడిచే స్క్రిప్ట్) అయితే పైథాన్, ఒక యూజర్, ఆ యూజర్ కీ మించి ఏమీ పెట్టకండి.

యాన్సిబుల్‌కు సర్వర్‌లో ఏజెంట్ అవసరం లేదు. ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు. ఉబుంటు 22.04లో పైథాన్ 3.10 ముందే ఉంటుంది. ఇన్వెంటరీలో (యాన్సిబుల్ చూసే సర్వర్ల జాబితా) ఐపీలు చేత్తో రాయకుండా ఏడబ్ల్యూఎస్ ఈసీ2 ఇన్వెంటరీ ప్లగిన్ వాడండి. టెర్రాఫామ్‌లో పెట్టే ట్యాగును బట్టి అదే సర్వర్లను పట్టుకుంటుంది. పండక్కి రెండు సర్వర్లు కలిపినా యాన్సిబుల్ ఫైళ్లలో ఏమీ మార్చక్కర్లేదు.

డిప్లాయ్‌కు సీరియల్ 1 పెట్టుకోండి, అంటే ఒక్కో సర్వరే. సర్వర్‌ను టార్గెట్ గ్రూపు నుంచి తీసేయాలి, ఉన్న కనెక్షన్లు అయిపోయేదాకా ఆగాలి, కొత్త రిలీజ్‌ను తేదీ పేరుతో వేరే ఫోల్డర్‌లో పెట్టి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కట్టాలి, కరెంట్ అనే సిమ్‌లింక్‌ను అటు తిప్పి గూనికార్న్‌ను రీస్టార్ట్ చేయాలి, హెల్త్ యూఆర్‌ఎల్ 200 ఇస్తోందో లేదో చూడాలి, అప్పుడు టార్గెట్ గ్రూపులోకి తిరిగి చేర్చాలి. ఆ సర్వర్‌కు ట్రాఫిక్ ఎట్లాగూ రావడం లేదు కాబట్టి రీలోడ్ గొడవ లేదు, నేరుగా రీస్టార్టే చేసేయొచ్చు. టార్గెట్ గ్రూపులో డీరిజిస్ట్రేషన్ డిలే మామూలుగా 300 సెకన్లు ఉంటుంది. మీ రిక్వెస్టులు చిన్నవైతే 30కి దించండి, లేకపోతే నాలుగు సర్వర్లకు 20 నిమిషాలు ఊరికే ఆగాల్సి వస్తుంది. వెనక్కి పోవాలంటే సిమ్‌లింక్‌ను పాత ఫోల్డర్‌కు తిప్పితే చాలు. చివరి ఐదు రిలీజులు ఉంచుకుని మిగతావి తుడిచేయండి, డిస్కు నిండకుండా ఉంటుంది.

ఇందులో దెబ్బ తగిలే చోట్లు:

మైగ్రేషన్ ఒక్కసారే నడవాలని రన్ వన్స్ పెడతారు. సీరియల్‌తో కలిపితే అది ప్లే (ఒక వరుస టాస్కులు) మొత్తానికి ఒకసారి కాదు, ప్రతి బ్యాచ్‌కూ ఒకసారి. సీరియల్ 1 అంటే ప్రతి సర్వర్ మీదా నడుస్తుందన్నమాట. జాంగోలో రెండోసారి చేయడానికేమీ ఉండదు కాబట్టి బయటపడదు గానీ, సొంత ఎస్‌క్యూఎల్ స్క్రిప్టులు ఉంటే చెడుతుంది. కొత్త కోడ్‌ను ఫోల్డర్లో దించడం, మైగ్రేషన్ నడపడం ఈ రెండూ సీరియల్ లేని వేరే ప్లేలో ముందు పెట్టి, స్విచ్ చేసే భాగానికి మాత్రం సీరియల్ పెట్టండి.

హ్యాండ్లర్లు (ఏదైనా మారితేనే నడిచే టాస్కులు) ప్లే చివర్లో నడుస్తాయి. రీస్టార్ట్‌ను హ్యాండ్లర్‌లో పెట్టి, దాని తర్వాత హెల్త్ చెక్ టాస్క్ రాస్తే, ఆ చెక్ చూసేది పాత ప్రాసెస్‌నే! అది బాగుందని 200 వస్తుంది, కొత్తది లేవకపోయినా మీకు తెలియదు. మధ్యలో ఫ్లష్ హ్యాండ్లర్స్ తప్పనిసరి. ఇంకా ఒకటుంది: కాన్ఫిగ్ ఫైల్ మారాక, హ్యాండ్లర్ నడిచేలోపు వేరే టాస్క్ ఫెయిల్ అయితే రీస్టార్ట్ జరగదు. మళ్లీ నడిపితే ఫైల్ ఇప్పటికే సరిగ్గా ఉంది కాబట్టి హ్యాండ్లర్‌కు కబురే వెళ్లదు. సర్వర్ పాత కాన్ఫిగ్‌తోనే నడుస్తా ఉంటుంది. ఫోర్స్ హ్యాండ్లర్స్ ఆన్ చేసుకుంటే ఈ బాధ ఉండదు.

కొత్త సర్వర్ లేచిన వెంటనే యాప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలు పెట్టే టూల్) టాస్క్ నడిపితే, అప్పటికే ఆటోమేటిక్ అప్‌డేట్లు లాక్ పట్టుకుని ఉంటాయి. ముందు క్లౌడ్ ఇనిట్ (సర్వర్ మొదటిసారి లేచినప్పటి పనులు) పూర్తయ్యేదాకా ఆగే టాస్క్ ఒకటి పెట్టి, యాప్ట్‌కు లాక్ టైమౌట్ 60 సెకన్ల నుంచి 300కు పెంచండి.

ఒక్కో సర్వర్‌గా మారుస్తున్నప్పుడు పాత కోడ్, కొత్త కోడ్ రెండూ ఒకే డేటాబేస్ మీద నడుస్తాయి. కాబట్టి కాలమ్ పేరు మార్చడం ఒకే రిలీజులో చేయకూడదు. మొదటి రిలీజులో కొత్త కాలమ్ కలిపి రెండింటిలోనూ రాయాలి, పాత కాలమ్‌ను ఎవరూ చదవడం లేదని తేలాక తర్వాతి రిలీజులో తీసేయాలి. బుకింగ్ టేబుల్ లాంటి దాని మీద ఇది తప్పితే, పండగ రోజు సగం రిక్వెస్టులు 500 ఇస్తాయి.

ప్రశ్నించినవారు: అలిపిరి_డెవ్

ఇద్దరికీ ధన్యవాదాలన్నా. టార్గెట్ గ్రూపులోకి సర్వర్లను చేర్చే పని టెర్రాఫామ్‌లోనూ రాయొచ్చు కదా, యాన్సిబుల్ కూడా తీసి పెడుతుంటే రెండూ కొట్టుకోవా? అట్లాగే ఆటో స్కేలింగ్ గ్రూప్ (రద్దీని బట్టి సర్వర్లను తనే పెంచి తగ్గించేది) పెట్టేస్తే పండగ గొడవ తీరిపోతుందా?

జవాబు 3: చిత్తూరు_క్లౌడ్

కొట్టుకుంటాయి. డిప్లాయ్ నడుస్తుండగా ఎవరైనా ప్లాన్ తీస్తే, బయట ఉన్న సర్వర్‌ను మళ్లీ చేరుస్తానంటుంది. టార్గెట్ గ్రూపు టెర్రాఫామ్‌లో ఉండనివ్వండి, అందులో ఎవరుండాలనేది యాన్సిబుల్‌కు వదిలేయండి. ఒక్కో విషయానికి ఒక్కటే యజమాని. సెక్యూరిటీ గ్రూప్ రూల్స్‌కు కూడా ఇదే మాట. గ్రూపు బ్లాక్ లోపలే రూల్స్ రాసి, బయట వేరే రూల్ వనరులు కూడా పెడితే ఒకటి రాసింది ఇంకొకటి తుడుస్తుంది, ప్రతి అప్లైలోనూ మార్పు చూపిస్తుంది.

ఆటో స్కేలింగ్ గురించి నా అభిప్రాయం: ఈ బ్రహ్మోత్సవాలకు వద్దు. అది పెట్టే కొత్త సర్వర్ ఖాళీ ఉబుంటుతో లేస్తుంది. బయటి నుంచి తోసే యాన్సిబుల్ ఆ సమయానికి అక్కడ ఉండదు. అప్లికేషన్ అంతా ముందే లోపల ఉన్న ఏఎమ్‌ఐని ప్యాకర్‌తో (ఇమేజ్‌లు తయారుచేసే టూల్) కట్టాలి, ప్రతి రిలీజుకూ కొత్త ఏఎమ్‌ఐ, కొత్త లాంచ్ టెంప్లేట్ వెర్షన్. మంచి పద్ధతే, కానీ పండగ ముందు హడావుడిగా చేసేది కాదు. మీకు తేదీలు ముందే తెలుసు కదా. సర్వర్లను ఫర్ ఈచ్‌తో, పేర్ల జాబితాగా రాసుకోండి. రెండు పేర్లు కలిపి అప్లై, ఆ తర్వాత యాన్సిబుల్. పండగయ్యాక ముందు టార్గెట్ గ్రూపు నుంచి తీసి, ఆ తర్వాత పేర్లు తీసి అప్లై. కౌంట్‌తో రాయొద్దు. మధ్యలోది ఒకటి తీసేస్తే తర్వాతవాటి నంబర్లన్నీ జరిగి, బాగున్న సర్వర్లను కూడా ముట్టుకుంటుంది.

తర్వాత ఎప్పుడైనా ఆటో స్కేలింగ్‌కు పోతే రెండు మాటలు. డిజైర్డ్ కెపాసిటీని ఇగ్నోర్ చేంజెస్‌లో పెట్టండి, లేకపోతే రద్దీలో అది ఆరుకు పెంచిన సర్వర్లను మీ మామూలు అప్లై రెండుకు దించేస్తుంది. షెడ్యూల్ పెట్టేటప్పుడు టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా అని రాయండి. రాయకపోతే యూటీసీ లెక్కన అయిదున్నర గంటలు ఆలస్యంగా సర్వర్లు వస్తాయి, అప్పటికి రద్దీ అయిపోయి ఉంటుంది.

లైను తెగడం: అప్లైని ల్యాప్‌టాప్ నుంచి నడపకండి, ఇదే దానికి అసలు మందు. గిట్‌హబ్ యాక్షన్స్‌లో పెట్టండి. పుల్ రిక్వెస్ట్ మీద ప్లాన్, మెయిన్‌లో కలిశాక అప్లై. ఏడబ్ల్యూఎస్ కీలు గిట్‌హబ్‌లో దాచనక్కర్లేదు, ఓఐడీసీతో తాత్కాలిక అనుమతి తీసుకోవచ్చు. ఆ రోల్ ట్రస్ట్ పాలసీలో సబ్ అనే కండిషన్‌లో మీ రిపో పేరు, బ్రాంచ్ పేరు కచ్చితంగా రాయండి. అక్కడ స్టార్ పెట్టి వదిలేస్తే వేరేవాళ్ల రిపోకు కూడా తలుపు తీసినట్టే. ప్లాన్‌కు చదివే అనుమతులున్న రోల్ ఒకటి, అప్లైకి వేరొకటి పెట్టండి. కంకరెన్సీ గ్రూప్ కూడా పెడితే రెండు అప్లైలు ఒకదాని వెనక ఒకటి వరుసలో నిలబడతాయి. దాచిన ప్లాన్ ఫైల్‌లో రహస్యాలు మామూలు అక్షరాల్లోనే ఉంటాయని మరవొద్దు, దాన్ని అందరికీ కనబడే చోట పెట్టకండి.

అయినా ఎప్పుడో ల్యాప్‌టాప్‌లోనే మధ్యలో తెగిందనుకోండి. ఏడబ్ల్యూఎస్‌లో వనరు తయారై ఉండొచ్చు, స్టేట్ మాత్రం ఎస్‌3కి చేరకపోవచ్చు. అట్లాంటప్పుడు మీరు నడిపిన ఫోల్డర్‌లోనే ఎర్రర్డ్ టీఎఫ్‌స్టేట్ అనే ఫైల్ రాస్తుంది. దాన్ని తుడిచేయకండి! లైను వచ్చాక స్టేట్ పుష్‌తో దాన్ని పైకి పంపాలి. ఆ ఫైల్ పోతే, తయారైన వనరులు బిల్లులో ఉంటాయి గానీ టెర్రాఫామ్‌కు తెలియవు, మళ్లీ ఇంపోర్ట్ చేసుకోవాల్సిందే. లాక్ మిగిలిపోతే ఎర్రర్‌లో కనిపించే లాక్ ఐడీతో ఫోర్స్ అన్‌లాక్ కొట్టొచ్చు. ఎవరు, ఎప్పుడు పట్టుకున్నారో కూడా అందులోనే ఉంటుంది. ఆ మనిషికి ఫోన్ చేసి అడిగాకే కొట్టండి.

కుబర్నెటీస్: రెండు సర్వర్లకు వద్దు సామీ. ఈకేఎస్‌లో (ఏడబ్ల్యూఎస్ వాళ్ల కుబర్నెటీస్) కంట్రోల్ ప్లేన్‌కే గంటకు 0.10 డాలర్, నెలకు సుమారు 73 డాలర్లు, సర్వర్ల ఖర్చు వేరే. ఒక్కో వెర్షన్‌కు మామూలు సపోర్ట్ 14 నెలలే. తర్వాత అప్‌గ్రేడ్ చేయకపోతే గంటకు 0.60 డాలర్ అవుతుంది. ముగ్గురి టీంలో ఒకరు దాని మీదే కూర్చోవాలి. కంటైనర్లు కావాలనిపిస్తే ఏడబ్ల్యూఎస్ వాళ్ల సొంత కంటైనర్ సర్వీస్ ఈసీఎస్ మధ్య మెట్టు.

జవాబు 4: కాణిపాకం_టోఫు

ఓపెన్‌టోఫు ప్రశ్న మిగిలిపోయింది. 2023 ఆగస్టులో హాషికార్ప్ టెర్రాఫామ్ లైసెన్స్‌ను బిజినెస్ సోర్స్ లైసెన్స్‌కు మార్చింది. దాని మీద వచ్చిన చీలికే ఓపెన్‌టోఫు, లైనక్స్ ఫౌండేషన్ కింద ఉంది, పాత ఎంపీఎల్ లైసెన్సే. మీ సొంత సర్వర్లు పెట్టుకోవడానికి టెర్రాఫామ్ వాడటంలో లైసెన్స్ అడ్డేమీ లేదు. హాషికార్ప్‌తో పోటీపడే సరుకు అమ్మేవాళ్లకే ఆ చిక్కు. 2025 ఫిబ్రవరి నుంచి హాషికార్ప్ ఐబీఎమ్ చేతిలో ఉంది.

నేనైతే ఓపెన్‌టోఫు అంటాను, ఒక్క కారణం చాలు: 1.7 నుంచి స్టేట్‌ను అదే ఎన్‌క్రిప్ట్ చేసి దాచగలదు. పైన పాస్‌వర్డ్‌ల గురించి చెప్పింది చూశారు కదా. ఆ కీ పోతే మాత్రం స్టేట్ చదవలేరు, కాబట్టి కేఎమ్‌ఎస్ (ఏడబ్ల్యూఎస్‌లో కీలు దాచే సర్వీస్) కీ వాడి, దాన్ని తుడిచే అనుమతి ఎవరికీ ఇవ్వకండి. ఏది ఎంచుకున్నా ముగ్గురూ, యాక్షన్స్ కూడా, ఒకే టూల్, ఒకే వెర్షన్ వాడాలి. ఒకే స్టేట్ మీద ఒకరు అదీ ఒకరు ఇదీ నడపకూడదు. ప్రొవైడర్ (ఏడబ్ల్యూఎస్‌తో మాట్లాడే ప్లగిన్) వెర్షన్లు రాసి ఉండే లాక్ ఫైల్‌ను గిట్‌లో పెట్టండి.

హైదరాబాద్ రీజియన్ (2022 నవంబరులో వచ్చింది) దగ్గరని అక్కడికి మారిపోవాలనుకోకండి. మీ సైజుకు ముంబైతో తేడా తెలియదు. బ్యాకప్‌కు మాత్రం బాగుంటుంది. ముందు అకౌంట్‌లో ఆ రీజియన్‌ను ఎనేబుల్ చేయాలి, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆర్‌డీఎస్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే స్నాప్‌షాట్ కాపీకి హైదరాబాద్‌లో వేరే కేఎమ్‌ఎస్ కీ ఇవ్వాలి, ముంబై కీ అక్కడ చెల్లదు.

ప్రశ్నించినవారు: అలిపిరి_డెవ్

ఓపెన్‌టోఫుతో ఇంపోర్ట్ మొదలుపెట్టినాం. వీపీసీ, సబ్‌నెట్లు శుభ్రంగా వచ్చినాయి. సర్వర్ల సెక్యూరిటీ గ్రూప్‌కు కోడ్ మేమే చిన్నగా రాసుకున్నాం, దాన్ని మాత్రం కొట్టేసి మళ్లీ పెడతానని ప్లాన్ చూపిస్తా ఉంది. రూల్స్ అన్నీ సరిపోయినాయి. ఆర్‌డీఎస్‌లో ఫైనల్ స్నాప్‌షాట్ గురించి కూడా ఒక మార్పు చూపిస్తోంది. రెండూ ఇంకా అప్లై చేయలేదు.

జవాబు 5: చంద్రగిరి_ఆప్స్

చేయకుండా ఆగింది మంచి పని. సెక్యూరిటీ గ్రూప్‌లో డిస్క్రిప్షన్ చూడండి. కన్సోల్‌లో పెట్టినప్పుడు లాంచ్ విజార్డ్ అనే పేరుతో, తేదీతో ఒక వాక్యం పడి ఉంటుంది. మీ కోడ్‌లో డిస్క్రిప్షన్ రాయకపోతే టూల్ తన సొంత వాక్యం ఒకటి పెట్టుకుంటుంది. ఏడబ్ల్యూఎస్‌లో గ్రూప్ డిస్క్రిప్షన్‌ను తర్వాత మార్చడం కుదరదు, అందుకే కొట్టేసి పెడతానంటోంది. అప్లై చేసుంటే, ఆ గ్రూప్ నడుస్తున్న సర్వర్లకు తగిలించి ఉంది కాబట్టి తుడవలేక చాలాసేపు వేలాడి, డిపెండెన్సీ వయొలేషన్ అని ఫెయిల్ అయ్యేది. కన్సోల్‌లో ఉన్న వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా కోడ్‌లో కాపీ చేయండి. గ్రూప్ పేరుకు కూడా అంతే.

ఆర్‌డీఎస్‌ది వేరే రకం. స్కిప్ ఫైనల్ స్నాప్‌షాట్, అప్లై ఇమీడియట్లీ లాంటివి ఏడబ్ల్యూఎస్‌లో ఉండే గుణాలు కావు, ప్రొవైడర్ తన స్టేట్‌లో రాసుకునేవి. ఇంపోర్ట్ తర్వాత మొదటి ప్లాన్‌లో ఇవి మార్పుగా కనిపిస్తాయి. ఆ లైన్లు తప్ప ఇంకేమీ లేకపోతే డేటాబేస్‌ను ముట్టుకోదు, అప్లై చేయొచ్చు. స్కిప్‌ను ఫాల్స్‌గా ఉంచి, ఫైనల్ స్నాప్‌షాట్‌కు పేరు కూడా రాయండి. అప్లై ఇమీడియట్లీ ఫాల్స్‌గా ఉండనివ్వండి. లేదంటే రేపు ఇన్‌స్టాన్స్ సైజు మార్చినప్పుడు మెయింటెనెన్స్ సమయందాకా ఆగకుండా పట్టపగలే డేటాబేస్ రీస్టార్ట్ అవుతుంది. ఈసీ2లో యూజర్ డేటా రీప్లేస్ ఆన్ చేంజ్ ఫాల్స్ అని ఒక లైను వస్తుంది, అది కూడా ఈ బాపతే.

ఈ రెండూ సరిచేశాక ప్లాన్ మళ్లీ తీసి, అది చెప్పే మార్పుల లైన్లన్నీ ఇక్కడ పెట్టండి, అకౌంట్ నంబరు, ఏఆర్‌ఎన్‌లు తుడిచేసి. లోడ్ బ్యాలెన్సర్ దాని తర్వాత చూద్దాం.